నీళ్ళు పోయని మనిషి

మొన్న రావులపాలెంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక గుమ్మం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నిలబడి, వెళ్ళేవాళ్ళకి రిటర్న్ గిఫ్టులు ఇస్తున్నారు. పూర్వం జాకెట్టు ముక్కో, స్టీలు గిన్నో ఇచ్చేవారు. ఇప్పుడు మొక్కలిస్తున్నారు. నా చేతిలో ఒక చిన్న తెల్ల కుండీ పెట్టారు. చూద్దును కదా, అదే. దళసరి ఆకులు విచ్చిన పువ్వులా చుట్టూ అమరి ఉన్నాయి. నడుమ బూడిద రంగు, బయటికి వచ్చేకొద్దీ గులాబీ, అంచున నారింజ గీత.

"అమ్మమ్మగారూ, దీనికి నీళ్ళు ఎక్కువ పొయ్యకండే. చచ్చిపోద్ది," అంది అందులో ఒక పిల్ల.

మట్టిలో పుట్టి మట్టిలో పెరిగినదాన్ని, నాకు చెబుతోంది. "దీని పేరేంటమ్మా?" అన్నాను, తెలిసే.

ఆ పిల్ల కుండీ మీద అంటించిన చీటీ చూసింది. "వదిన అటండి. మొక్కకి వదినేంటండీ బాబూ!" అని నవ్వింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ వదినను నేనే.

ఆ మొక్కను పుట్టించిన మనిషి పోయిన కార్తీకంలో పోయింది. మా పక్క దొడ్డి ఆమెది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలతో మొదలుపెట్టాలంటారు. నేను ఉన్నమాటతో మొదలుపెడతాను. ఆమెను చూస్తే నాకు కడుపుమంట. ఆమె మా సందులోకి వచ్చిన ఏడాది రాజుకుంది, ఆమె పోయాక కూడా ఆరలేదు. ఆమె పేరు ఇక్కడ రాయను. రాయకపోవడానికి నా కారణం నాకుంది.

ఆమె రాకముందు కడియం చుట్టుపక్కల నర్సరీల్లో నా చేతికి ఒక పేరుండేది. మామిడి అంటు కడితే పదింటికి తొమ్మిది పట్టేవి. గులాబీ కొమ్మైనా, మందార కొమ్మైనా నేను గుచ్చితే చిగురు వేయవలసిందే. "ఆవిడ చెయ్యి చలవండి," అనేవారు. ఆ చలవంతా నీళ్ళలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువ తలుపులెత్తారంటే నాలుగు రోజుల్లో మా బోదె కాలువలోకి నీరు వచ్చేస్తుంది. మొక్కకైనా, గేదెకైనా, గుమ్మంలోకి వచ్చిన మనిషికైనా ముందు నీళ్ళు. మాకు తెలిసిన మర్యాద అదొక్కటే. మా వైపు నీళ్ళు పోసినవాళ్ళని ఎవరూ తప్పుపట్టరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆమెది నరసాపురం వైపు, సముద్రపు ఇసుక నేల. సన్నటి మనిషి. నడిస్తే చప్పుడుండదు. ముడిలో పువ్వుకు బదులు లేసు అల్లే కొక్కెం సూది ఉండేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లేసు అల్లిన చేతులు కాబట్టి, దారం లేకపోయినా వేళ్ళు ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ గాలిలో ముడులు వేసేవి. మొక్క ముందు కూర్చుందంటే ఆ సూది ముడిలోంచి బయటికి వచ్చేది. ఎండుటాకు లాగడం దానితోనే, వేరు కింద ఇసుక కదపడం దానితోనే, పిండిపురుగును ఎత్తి పారెయ్యడం దానితోనే. ఆ పారెయ్యడం కూడా మా కంచె వైపే పారేసేది. కావాలని కాదులెండి, ఆమె కుడిచేతి వైపు మా కంచె ఉండేది. అయినా నాకు మండేది.

ఆత్రేయపురం పూతరేకు ఎవరైనా పెడితే మనలాగా కొరికి తినేది కాదు. మడత విప్పేది. పొరకు పొర విడదీసి, ఒక్కొక్క పొరనూ వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు నోట్లో వేసుకునేది. ఒక్క పూతరేకుకు పావుగంట.

"ఏమ్మా, తింటున్నావా, బట్టలారేస్తున్నావా?" అనేదాన్ని నేను.

"చేసినోళ్ళ చెయ్యి చూడాలి కదండీ వదినగారూ," అనేది.

నన్ను మొదటి రోజు నుంచీ వదినగారనే పిలిచింది. నేనేమో "ఏమ్మా", "ఒసే నరసాపురం" అనేదాన్ని. ఏ పిలుపుకైనా పలికింది. ఒక్కనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమె పెంచింది ఈ దళసరి ఆకుల మొక్కలే. నర్సరీల వాళ్ళు సక్యులెంట్లు అంటారు. మా వైపు వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. బెంగళూరు నుంచి వచ్చేవి, వానాకాలం రాగానే మెత్తబడి నీరుగారిపోయేవి. గోదావరి జిల్లాల్లో ఒంటె పెంచినట్టే అనుకునేవాళ్ళం. ఆమె మాత్రం పందిరి మీద పాలిథిన్ కవరు పరిచి, దాని కింద బల్లలు వేసి, ఇసుకా ఇటుకపొడీ కాల్చిన ఊకా కలిపిన ట్రేలలో వాటిని పెంచింది. ముందు నవ్వుకున్నాం. రెండేళ్ళు తిరిగేసరికి రాజమండ్రి నుంచి కార్లు వచ్చి నా గేటు దాటి ఆమె గేటు ముందు ఆగాయి. నవ్వు ఆగింది.

"ఏ రోజు నీళ్ళు పోస్తావే వీటికి?" అని అడిగాను ఒకసారి, ఊరికే అడిగినట్టు.

"అడిగినప్పుడండి."

"మొక్క అడుగుద్దా?"

"ఆకు ముడతపడతదండి. పడ్డాక కూడా ఇంకో రెండ్రోజులు ఆగాలండి. దాహమో, మారామో తెలియాలి కదండీ."

ఇదిగో, ఇలాంటి మాటలు. వినడానికి ఏమీ ఉండదు, ఇంటికొచ్చాక పడుకోనివ్వవు.

ఒక ఆకు నుంచి మొక్క తీయడం ఆమె నాకు మూడుసార్లు చూపించింది. దాచుకునే మనిషి కాదు, అది ఇంకో మంట. ఆకును కత్తితో కొయ్యకూడదు. బొటనవేలితో ఇటూ అటూ పక్కకు కదిపితే మొదలంటా ఊడి వస్తుంది. దాన్ని నీడలో నాలుగు రోజులు ఆరబెట్టాలి. గాయం మాని పొర కట్టాక ఇసుక మీద పడుకోబెట్టాలి, గుచ్చకూడదు. ఆపైన ఏమీ చెయ్యకూడదు. ఆకు మొదట్లో గులాబీ రంగు వేరు దారప్పోగులా బయటికి వస్తుంది, దాని పక్కనే బియ్యపుగింజంత పిల్ల. తల్లి ఆకు తన ఒంట్లో నీళ్ళన్నీ పిల్లకిచ్చి, ఎండి, పొట్టులా రాలిపోతుంది.

"మధ్యలో మనం పోస్తే ఏంటంట?" అన్నాను.

"తల్లి పోస్తంది కదండీ. మనమెందుకండి మధ్యలో?"

మూడుసార్లూ నా చేతిలో ఆకులు కుళ్ళాయి. మూడోసారి ఒట్టేసుకున్నాను పొయ్యకూడదని. మూడో రోజు పొద్దున్నే మగ్గు ముంచి పోసేశాను. చెయ్యి ఊరుకోలేదు. కళ్ళెదుట పొడి ఇసుక మీద ప్రాణమున్నది పడి ఉంటే నీళ్ళు పొయ్యకుండా ఉండటం నాకు చేతకాలేదు. ఆమెకు చేతనైంది. నా అరవై ఏళ్ళలో మొక్కల దగ్గర నాకు చేతకాని పని ఇంకొకరికి చేతనవడం అదే మొదలు.

ఇంకొకటి కూడా ఆమెకు చేతనయ్యేది. రాత.

ఐస్ పుల్లల మీద మొక్కల పేర్లు రాసి ప్రతి కుండీలోనూ గుచ్చేది. గుండ్రటి అక్షరాలు, అవీ లేసు అల్లినట్టే ఉండేవి. కొనేవాళ్ళకి పుల్లలు చూస్తే నమ్మకం. "మీ మొక్కలకి పేర్లు లేవేంటండి?" అని నన్నడిగారు ఒకళ్ళిద్దరు. నాకు అప్పటికి సంతకం కూడా రాదు. బ్యాంకులో వేలిముద్రే. రేషన్ షాపాయన చేత ఎనిమిది పుల్లల మీద పేర్లు రాయించుకొచ్చి, మొదటి వరసలో గుచ్చాను. క్రోటన్ల వరస. చాలా దర్జాగా కనిపించింది నా కళ్ళకి.

ఆ పూటే ఒక పెద్ద కారులో భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ నా వరస చూసి ముసిముసిగా నవ్వుతోంది. ఎందుకో నాకు తెలియదు. అప్పుడు పక్క దొడ్డిలోంచి ఈవిడ వచ్చింది. చప్పుడు లేని నడక. వంగి, మొదటి పుల్ల పీకి, తిప్పి గుచ్చింది. రెండోది పీకి, తిప్పి గుచ్చింది. ఎనిమిదీ తిప్పింది. నా వైపు చూడలేదు, వాళ్ళ వైపు చూడలేదు. చీర చెంగుకు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను అన్నీ తలకిందులుగా గుచ్చాను.

ఆమె నవ్వి ఉంటే తిట్టేసేదాన్ని. నలుగురిలో అనేసి ఉంటే కంచె మీద కొట్లాట పెట్టుకునేదాన్ని. ఏమీ అనకుండా తిప్పింది చూశారా, ఇక దేనితో కొట్లాడను? నా కళ్ళ ముందు ఇప్పటికీ ఆ చెయ్యి ఒక్కొక్క పుల్లనూ తిప్పుతూనే ఉంటుంది.

ఆ వారమే అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. పిల్లలు ఇళ్ళకు పోయాక మధ్యాహ్నం పూట వరండాలో కూర్చోబెట్టి నాకు అక్షరాలు చెప్పింది. ఎవరికీ చెప్పవద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. నా ఆలోచన నాకుంది. పూర్తిగా వచ్చాక, ఒకరోజు పొద్దున్నే నా దొడ్డిలో ఉన్న మొక్కలన్నిటికీ నా చేత్తో నేను పేర్లు రాసి గుచ్చాలి. ఆమె కంచె అవతల నుంచి చూడాలి. అందుకే నేర్చుకున్నాను, చదువు మీద ప్రేమతో కాదు. గుణింతాలు దిద్దుతుంటే వేళ్ళు నొప్పి పుట్టేవి. అంటు కట్టే వేళ్ళు బలపం పట్టుకోలేక వంకర్లు పోయేవి. తిట్టుకుంటూ దిద్దాను. ఏడాది పట్టింది. బస్సుల బోర్డులు, సబ్బు కాగితాలు, గోడల మీద సినిమా పేర్లు చదవడం వచ్చింది.

ఆ ఏడాదే ఆమె ఇంకో పని మొదలుపెట్టింది.

ఆమె దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి బూడిదరంగుది. రంగూ రూపూ లేదు కానీ గోడ మీద పడేసినా బతికేది. రెండోది నారింజ అంచుది. మహారాణిలా ఉండేది, శ్రావణం వస్తే చచ్చేది. శివరాత్రి చలిలో రెండూ కాడలు వేసి పూశాయి. ఈవిడ కొక్కెం సూది కొసకు దూది చుట్టి, ఒకదాని పుప్పొడి తీసి ఇంకోదానికి అద్దింది. అద్దిన పువ్వుకల్లా ఎర్ర లేసుదారం ముడి వేసింది. కాయలు ఎండాక అందులో గింజలు చూస్తే పసుపుపొడికంటే సన్నం. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి.

"ఆకుతో పెడితే మళ్ళీ అదే తల్లి వస్తదండి," అని చెప్పింది నాకు. "గింజతో పెడితే ఏమొస్తదో దేవుడిక్కూడా తెలవదండి. మహారాణి రంగూ, దీని మొండితనమూ ఒక్కదానికైనా వస్తే చాలండి. మన వానలకి ఆగేది మనకొకటి ఉంటది."

ట్రేలో చల్లి, పైన గాజుపలక కప్పి, మొదట్లో రోజూ అడుగు నుంచి తడి ఇచ్చింది. మెంతిగింజంత మొలకలు వచ్చాయి. గాజుపలక తీసేసింది. తడి తగ్గించింది. మరుసటి వైశాఖానికి రూపాయి బిళ్ళంత అయ్యాయి. ట్రే నిండా ఉన్నాయి, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదానికి ఎరుపు తిరిగింది, ఒకటి ఊదా, ఒకటి పాలరాయి. సందులో ఆడవాళ్ళంతా వచ్చి చూసిపోయారు. నేనూ చూశాను. అంత అందమైనది నా దొడ్డిలో ఎప్పుడూ పుట్టలేదు. చూసి, "బాగానే ఉన్నాయిలే," అని వచ్చేశాను. ఆ రోజు అన్నం సయించలేదు.

వేసవికి కాలువలు కట్టేసిన రోజులు. ఒక తెల్లవారుజామున అన్నగారికి బాగాలేదని ఫోను వస్తే ఆమె ఎవరికీ చెప్పకుండా నరసాపురం వెళ్ళిపోయింది. పొద్దున్న కంచె మీంచి చూస్తే ఆ ట్రే పక్కన ఒక అట్టముక్క నిలబెట్టి ఉంది. నల్ల పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలు. నేను చదివాను.

నీళ్ళు పోయవద్దు.

అప్పటివరకూ నేను చదివినవన్నీ ఊళ్ళ పేర్లు, సరుకుల పేర్లు. ఒక మనిషి ఇంకో మనిషితో చెప్పే మాట నా అంతట నేను చదవడం అదే మొదటిసారి. ఎంత సంబరం కలగాలి! కలిగింది కూడా, ఒక్క క్షణం. ఆ తరవాత రెండు రోజులు ఆ అట్టనూ ఆ ట్రేనూ చూస్తూ తిరిగాను. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, ఇసుక కాలిపోతున్న వేళ, బోరింగు కొట్టి, రెండు బిందెలు మోసుకెళ్ళి, ఆ ట్రే మునిగేదాకా పోశాను.

ఇన్నాళ్ళూ దీన్ని చెయ్యి అలవాటు అని నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఆకులు పెట్టినప్పుడు పోసింది అలవాటు. ఇది అలవాటు కాదు. చదివాను, అర్థమైంది, పోశాను.

ఆమె ఐదో నాడు వచ్చింది. నేను కంచె దగ్గరే ఉన్నాను, వెళ్ళకుండా ఉండలేకపోయాను. ట్రే ముందు కూర్చుంది. మొలకలన్నీ గాజులా మారి, ముట్టుకుంటే నీరు. ముడిలోంచి సూది తీసింది. ఒక్కొక్కదాన్నీ ఎత్తి, పక్కన తెల్లగుడ్డ మీద వరసగా పెట్టింది. ఒక వరస అయ్యాక దాని కింద ఇంకో వరస. తొందర లేదు, కన్నీళ్ళు లేవు. చచ్చినవాటిని కూడా అంత పద్ధతిగా పేర్చేదాన్ని నేనెక్కడా చూడలేదు.

నేనే ఉండబట్టలేక అన్నాను. "ఎండకు మాడిపోతున్నాయని పోశానమ్మా. పసివి కదా, పాపం. నువ్వా అట్ట మీద ఏం రాసిపెట్టావో నాకేం తెలుసు? నాకు చదువొచ్చా ఏమన్నానా?"

ఆమె తలెత్తి ఒకసారి చూసింది. "ఆయ్, మీకెలా తెలుస్తదండి," అంది. మళ్ళీ వంగి పనిలో పడింది.

నీళ్ళు పోసినవాళ్ళని మా వైపు ఎవరూ తప్పుపట్టరన్నాను కదా. ఎవరూ పట్టలేదు. "పాపం, పెద్దావిడ జాలిపడి పోసింది," అన్నారు సందులో.

ట్రే మొత్తంలో మూడు బతికాయి. ఆ వానాకాలం రెండు పోయాయి. మూడోది శ్రావణం ముసురుకు ఆగింది, తుఫానుకు ఆగింది. మార్గశిరం మంచు పడేసరికి గులాబీ రంగు తిరిగి, అంచున నారింజ గీత తెచ్చుకుంది. దాని ఆకులు పక్కకు కదిపి తీసి, ఇసుక మీద పడుకోబెట్టి, దాన్ని పదిగా, పదిని వందగా చేసింది. చేసి అమ్ముకుని కూర్చుందా? సందులో ఇంటికి రెండేసి మొక్కలు పంచిపెట్టింది. ముందు నాకే తెచ్చింది. నా చేతిలో బతికిన మొదటి దళసరి మొక్క అదే. అదీ ఆమెదే.

పేరు ఎలా వచ్చిందో చెబుతాను. హైదరాబాదు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన నలుగురిలో అడిగాడు. "కొత్త రకంలా ఉంది, దీనికేం పేరు పెట్టారమ్మా?"

"వదిన అండి," అంది, నా వైపు తిరక్కుండా.

అందరూ నవ్వారు. "మీరంటే ఎంత అభిమానమండీ ఆవిడకి!" అన్నారు నాతో. నేనూ పళ్ళికిలించాను. లోపల మాత్రం ఒకటే ప్రశ్న తొలిచేది. తెలిసి పెట్టిందా, తెలియక పెట్టిందా? తెలియక పెడితే ఆమె మంచితనం నేను భరించలేను. తెలిసి పెడితే, ఊళ్ళోకి వెళ్ళే ప్రతి కుండీ మీదా నా తప్పు రాసి పంపుతోంది.

ఇంకో చిక్కు. చదువు రాదన్నాను కదా, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఎవరిని ఓడించాలని అక్షరాలు నేర్చుకున్నానో ఆ మనిషి ముందు అక్షరం రానిదానిలా బతకవలసి వచ్చింది. ఒక ఏడాది కాదు, ఎనిమిదేళ్ళు. ఒక్క పుల్ల మీద కూడా రాయలేకపోయాను. నా మొక్కలు పేర్లు లేకుండానే అమ్ముడుపోయాయి. బ్యాంకులో వేలిముద్రే వేశాను. సందులోవాళ్ళు పక్కనుంటే, బోర్డు స్పష్టంగా కనిపిస్తున్నా "ఈ బస్సు ఎక్కడికండీ?" అని అడిగి ఎక్కాను. ఒకసారి ఎవరో తెలియక ద్వారపూడి బస్సును ధవళేశ్వరం బస్సని చెప్పారు. తప్పని తెలిసి కూడా ఎక్కాను, ఆమె వెనకే నిలబడి ఉంది మరి.

పోయిన ఆశ్వయుజంలో ఆమె మంచాన పడింది. కిడ్నీలన్నారు. పూతరేకులు తీసుకుని చూడటానికి వెళ్ళాను. మనిషి ఇంకా సన్నబడింది, వేళ్ళు మాత్రం దుప్పటి మీద ముడులు వేస్తూనే ఉన్నాయి. డాక్టరు ఒకటి చాలన్నాడని చెప్పి ఒక పూతరేకు తీసుకుంది. మడత విప్పడం మొదలుపెట్టింది. తలగడ కింద నుంచి మందుల కవరు తీసి నాకిచ్చింది.

"కళ్ళు ఆనటం లేదండి. దీని మీద నర్సమ్మ ఏం రాసిందో చూడండి వదినగారూ."

"పరగడుపున ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు సగం," అన్నాను.

అన్నాక తెలిసింది ఏం చేశానో. కవరు చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆమె ఒక పొర తీసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. కళ్ళు ఆననిదానికి ఏం కనిపిస్తుందో. "బాగా చదువుతున్నారండి," అంది. పొర నోట్లో వేసుకుంది. "అప్పుడూ బాగానే చదివుంటారు."

నేను కవరును మడతపెట్టాను, మళ్ళీ విప్పాను.

"ధవళేశ్వరం బస్టాపులో ఒకసారి నేనింకా కళ్ళజోడు వెతుక్కుంటన్నానండి. మీరు బోర్డు చూసి లేచి నిలబడ్డారు. నన్ను చూసి మళ్ళీ కూర్చున్నారు. ఆ మొలకలు పోవడానికి నాలుగు నెలల ముందండి."

"తెలిసే ఊరుకున్నావా?"

"మరి ఆ అట్ట ఎవరికోసం రాశాననుకున్నారండి? ఆ ట్రే వైపు రోజూ చూసేది మీరొక్కరే కదండీ. కొత్తగా నేర్చుకుంటున్నారు కదా అని పెద్దక్షరాలు, విడివిడిగా రాశానండి. మీకు సులువుగా ఉంటదని."

ఆ మంచం పక్కన కూర్చుని నేను విన్నది అది. నేను రాసే మనిషిని అవుదామని తంటాలు పడుతుంటే, నాకు చదువొచ్చని నమ్మి నా కోసం ఒక మాట రాసింది లోకంలో ఆమె ఒక్కతే. ఆ మాట మీదే రెండు బిందెలు పోశాను.

"మరి దానికి వదినని ఎందుకు పెట్టావే?" అన్నాను. గొంతు నాది నాకే గట్టిగా వినిపించింది.

"మీరు పోసిన నీళ్ళకి కూడా చావలేదు కదండీ. మీ చేతిలోంచి బయటపడి బతికినదానికి ఇంకెవరి పేరు పెట్టమంటారండి?" అని నవ్వింది. పళ్ళ మీద పూతరేకు పొర అంటుకుని ఉంది. "నాకైతే అంత నీళ్ళు పోసి చూసే ధైర్యం లేకపోయేదండి. నేను పొడిగా పెంచుకుంటా కూర్చుంటే ఏది మన వానకి ఆగేదో ఎప్పటికి తెలిసేదండి?"

చూశారా? ఆమెకు చెడు చేద్దామనుకున్నాను. అది కూడా నాకు సరిగ్గా చేతకాలేదు. నా పాపాన్ని కూడా సూదికొసతో ఎత్తి, పనికొచ్చే చోట పెట్టుకుంది.

క్షమించమని అడగలేదు. అడిగితే తప్పకుండా క్షమించేది. అందుకే అడగలేదు. మిగిలిన పూతరేకులు గూట్లో పెట్టి, మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ఇంకోసారి చదివి చెప్పి వచ్చేశాను. నెల తిరక్కుండా పోయింది.

పెళ్ళి నుంచి తెచ్చిన కుండీని మా అరుగు మీద పెట్టాను. ఆ మర్నాడు దాని కింది ఆకు ఒకటి పట్టుకుని, ఇటూ అటూ పక్కకు కదిపాను. మొదలంటా ఊడి వచ్చింది. నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, పొడి ఇసుక మీద పడుకోబెట్టాను. ఇవాళ్టికి పదిహేను రోజులు. మగ్గు రోజూ చేతిలోకి వస్తోంది, రోజూ దింపుతున్నాను. నిన్న చూస్తే మొదట్లో గులాబీ పోగు ఒకటి కనిపించింది.

ఇవాళ ఒక ఐస్ పుల్ల తీసుకున్నాను. నా బతుకులో నా చేత్తో రాసిన మొదటి పుల్ల. కుండీ మీద నా పేరు ఎలాగూ ఊరూరా తిరుగుతోంది కాబట్టి, దీని మీద ఆమె పేరు రాశాను. అంటే, వదిన కాదు, ఆమె అసలు పేరు. ఇక్కడ మాత్రం రాయను. ఇంత రాశాక పేరు కూడా రాస్తే చదివినవాళ్ళంతా ఆమెనే మెచ్చుకుంటారు. బతికి ఉండగా విన్న మెప్పులు చాలు నాకు.

పుల్ల గుచ్చాను. తలకిందులుగా లేదు కదా అని రెండుసార్లు చూసుకున్నాను. చూసుకుని, అలవాటు కొద్దీ కంచె వైపు చూశాను.